ఇంటి నంబరు ఎవరి కోసం?

(హైదరాబాద్‌లో కాలనీ సంక్షేమ సంఘాల ప్రతినిధుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ముందుగా ఒక నంబరు చదువుతాను. ఎనిమిది డాష్ రెండు డాష్ రెండు వందల తొంభై మూడు, బై ఎనభై రెండు, బై ఏ, బై... ఆ తర్వాత మీ ప్లాటు నంబరు. జూబ్లీహిల్స్ నుంచి వచ్చినవాళ్లు అప్పుడే తలలూపుతున్నారు. ఇందులో 8 అంటే వార్డు, 2 అంటే బ్లాకు, 293 అంటే ఆ బ్లాకులో ఇంటి నంబరు. ఆ తర్వాత వచ్చే ‘బై’లన్నీ, రికార్డులో ఒకే నంబరు కింద ఉన్న జాగా ముక్కలైన కొద్దీ చేరినవి. దీన్ని చేతిలో పెట్టుకుని ఒక మనిషి జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర బండి దిగితే ఏ వైపు నడవాలి? ఆ నంబరు చెప్పదు. ఆ జాగా రిజిస్టరులో ఏ పద్దు కింద ఉందో మాత్రం చెబుతుంది.

ఇవాళ నా మాటంతా ఇదే. మన ఇంటి నంబరు పన్ను రిజిస్టరు కోసం పుట్టింది. ఇల్లు వెతుక్కునేవాడి కోసం నంబరు మనం ఇంకా వేసుకోలేదు. అది వేసుకోవడం ఎలాగో చెప్పడానికే వచ్చాను.

వార్డు, బ్లాకు, ఇల్లు అనే ఈ పద్ధతి తప్పని అనను. విజయవాడ, విశాఖపట్నం, రాజమండ్రి డోర్ నంబర్లు కూడా ఇలాంటివే. ఊరిని పేటలుగా విడగొట్టి, ఒక్కో పేటలో ఇల్లిల్లూ తిరిగి వరసగా నంబరు వేస్తే పన్ను వసూలు చేసేవాడికి ఏ ఇల్లూ తప్పిపోదు. మన ఊళ్లో 3-6 అంటే హిమాయత్‌నగర్, 5-9 అంటే ఆబిడ్స్, బషీర్‌బాగ్, 6-3 అంటే పంజాగుట్ట, సోమాజిగూడ, 7-1 అంటే అమీర్‌పేట అని పాతకాపులు ఇట్టే చెబుతారు. చిక్కు మూడు చోట్ల వస్తుంది.

మొదటిది, వరస ఒక్కసారే వేస్తారు, ఇళ్లు మాత్రం రోజూ పుడతాయి. 140కీ 141కీ మధ్య ఖాళీ జాగాలో ఇల్లు లేస్తే 140/1 అవుతుంది. దాన్ని అన్నదమ్ములు పంచుకుంటే 140/1/ఏ, 140/1/బీ. అందులో ఒకటి అపార్ట్‌మెంటు అయితే దాని మీద ఫ్లాటు నంబర్లు. రెండోది, బ్లాకు సరిహద్దు చాలాసార్లు రోడ్డు నడిమధ్యలోంచి పోతుంది. అప్పుడు మీ ఎదురింటి నంబరుకూ మీ నంబరుకూ సంబంధమే ఉండదు. వీధికి ఇవతల ఒక వరస, అవతల వేరే బ్లాకు, వేరే వరస. మూడోది, ఒకే నంబరు రెండు ఊళ్లలో ఉండటం. సికింద్రాబాద్ మునిసిపాలిటీ 1960లో హైదరాబాద్‌లో కలిసింది కానీ నంబర్లు కలిపి వేయలేదు. అందుకే 1-8 అంటే హైదరాబాద్ వైపు చిక్కడపల్లి, సికింద్రాబాద్ వైపు ఎస్.పి. రోడ్డు. 10-3 అంటే ఇటు హుమాయున్‌నగర్, అటు మారేడ్‌పల్లి. కవరు మీద ఊరి పేరు సరిగ్గా రాయకపోతే ఉత్తరం హుస్సేన్‌సాగర్‌కు తప్పుడు గట్టున తేలుతుంది.

2007 ఏప్రిల్‌లో జీహెచ్‌ఎంసీ, అంటే గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్, ఏర్పడినప్పుడు 12 మునిసిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలు వచ్చి కలిశాయి. ఎల్.బి.నగర్, కాప్రా, అల్వాల్, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి, ఇలా ప్రతి ఒక్కటీ తన నంబర్లతోనే వచ్చింది. ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు, సరిచేసుకోండి. మీ నంబరులో మొదటి అంకె ఓట్ల వార్డు కాదు. కార్పొరేటర్ల డివిజన్లు వేరే లెక్క, అవి మారుతుంటాయి. ఇంటి నంబరులోని వార్డు పాతది, అది కదలదు.

వీటికి తోడు హౌసింగ్ బోర్డు కాలనీలు. కూకట్‌పల్లి కేపీహెచ్‌బీలో ఎంఐజీ ఫలానా, ఎల్‌ఐజీ ఫలానా అని చెబుతారు. ఎంఐజీ అంటే మధ్య ఆదాయం వాళ్ల ఇల్లు, ఎల్‌ఐజీ అంటే తక్కువ ఆదాయం వాళ్ల ఇల్లు. అంటే ఇంటి తరగతిని బట్టి నంబరు. ఎంఐజీ 210 దొరికితే దాని పక్కన ఎల్‌ఐజీ 210 ఉంటుందనుకోకండి, అది ఇంకెక్కడో ఉంటుంది. ఏ ఫేజో చెప్పకపోతే ఆటో అక్కడే ఆగిపోతుంది.

మరి ప్లాటు నంబరు, సర్వే నంబరు? సేల్ డీడులో ఉండేవి ఇవే. సర్వే నంబరు పొలం కాలం నాటిది. దాని ముక్కలకు మన రెవెన్యూ రికార్డుల్లో అ, ఆ, ఇ, ఈ అని తెలుగు అక్షరాలు వేస్తారు. ఇంగ్లిషు కాగితం మీదికి ఎక్కేటప్పుడు ‘అ’ ఒక ‘ఏ’, ‘ఆ’ రెండు ‘ఏ’లు, ‘ఇ’ ఒక ‘ఈ’, ‘ఈ’ రెండు ‘ఈ’లు అవుతుంది. ఒక ‘ఏ’ జారిపోతే పక్కవాడి భూమి మీ కాగితంలోకి వస్తుంది. రిజిస్ట్రేషన్ చేయించుకునేటప్పుడు పహాణీ, అంటే తెలుగులో ఉండే భూమి రికార్డు, పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇది నేటి విషయానికి కాస్త పక్కదారే, అయినా చెప్పకుండా ఉండలేను, నష్టం అంత పెద్దది.

ఇక ఒక్క ఇంటికి ఎన్ని నంబర్లున్నాయో లెక్కపెట్టండి. ఆస్తి పన్నుకు పీటీఐఎన్, కరెంటుకు యూఎస్‌సీ నంబరు, జలమండలికి క్యాన్ నంబరు, డీడులో ప్లాటు, సర్వే నంబర్లు, గోడ మీద మునిసిపల్ నంబరు. ప్రతి శాఖా తన పుస్తకానికి తాళంచెవి చేసుకుంది. వీధిలో నడిచే మనిషికే తాళంచెవి లేదు.

బయట ఏం చేశారో కొంచెం చెబుతాను. పారిస్‌లో 1805లో వీధి వారీగా నంబర్లు వేశారు. వీధికి ఒక పక్క బేసి, రెండో పక్క సరి. సెన్ నదికి దూరంగా పోయే వీధులకు నది దగ్గర మొదలు. నది వెంట సాగే వీధులకు ప్రవాహం వైపే నంబర్లు పెరుగుతాయి. దానితో నంబరు పెరుగుతోందా తరుగుతోందా చూసుకుంటే ఏటి వైపు పోతున్నామో లేదో తెలిసిపోతుంది. జపాన్ మనలాగే పేటలు, బ్లాకుల పద్ధతి. అక్కడ పాత నంబర్లు చెల్లాచెదురుగా ఉండేవి. 1962 చట్టంతో బ్లాకు అంచు చుట్టూ 10 నుంచి 15 మీటర్లకు ఒకటి చొప్పున వరసగా తిరిగి వేసుకుంటూ వచ్చారు. దక్షిణ కొరియా కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడ దాదాపు నూరేళ్లు భూమి నంబరే చిరునామా, మన సర్వే నంబరులాగా. 2014 జనవరి 1 నుంచి పూర్తిగా వీధి పేరు పద్ధతికి మారారు. వీధిని 20 మీటర్ల ముక్కలు చేస్తారు. ఎడమ ముక్కకు బేసి, కుడి ముక్కకు సరి. నంబరును 10తో గుణిస్తే వీధి మొదటి నుంచి సుమారు ఎన్ని మీటర్లో వచ్చేస్తుంది.

“అవన్నీ అక్కడ, మనవాళ్లు నంబరు చూడరు, గుర్తులే అడుగుతారు” అనే మాట ఎప్పుడూ వస్తుంది. ఫలానా హోటల్ వెనకాల, ఫలానా గుడి పక్క సందు, చౌరస్తా దాటాక కుడికి మూడో గల్లీ. నిజమే, గుర్తులు మనకు అలవాటు. సంగీత్ థియేటర్ పోయినా సంగీత్ చౌరస్తా ఉంది. లక్డీకాపూల్‌లో కట్టె వంతెన కోసం ఎవరూ వెతకరు. కానీ మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీఎన్‌ఆర్ ఎక్స్‌ప్రెస్‌వే అనే ఫ్లైఓవర్ కింద ఒక్కసారి పోయి చూడండి. 11 కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ దారిలో దుకాణం బోర్డుల మీద, ఫంక్షన్ హాలు శుభలేఖల మీద ఏముంటుంది? పిల్లర్ నంబర్ ఫలానా. మెట్రో వచ్చాక అంతటా అదే. కూకట్‌పల్లి వైపు పిల్లర్లకు ‘ఏ’ అక్షరం, ఉప్పల్, మాదాపూర్ వైపు ‘సీ’ అక్షరం, దాని పక్కన అంకె. క్లినిక్కులు, కోచింగ్ సెంటర్లు, ఫర్నిచర్ షాపులు అన్నీ దాన్నే వాడుతున్నాయి. ఎవరూ ఆదేశించలేదు. కట్టినవాళ్లు తమ నిర్వహణ కోసం వేసుకున్న అంకె అది.

జనం దాన్ని ఎందుకు పట్టుకున్నారు? నాలుగు కారణాలు కనిపిస్తాయి నాకు. ఒక వైపు నుంచి వరసగా పెరుగుతుంది. ఇంచుమించు సమాన దూరాల్లో వస్తుంది. పెద్ద అంకె, రోడ్డు నడుమ, రాత్రిపూట కూడా కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, దానికి ‘బై’ పడదు. పిల్లరును అన్నదమ్ములు పంచుకోరు కదా. అంటే హైదరాబాదువాడికి అంకెలంటే పడదనే మాట తప్పు. దారి చూపే అంకె ఇస్తే వెంటనే వాడుకున్నాడు. ఆ పిల్లరు లెక్కనే మీ గల్లీలోకి తీసుకురావచ్చు.

ఎలాగో చెబుతాను. నేను చెప్పేది మీటరు పద్ధతి. ఇంటి నంబరు అంటే వీధి మొదటి నుంచి ఆ గేటు ఎన్ని మీటర్ల దూరంలో ఉందో ఆ అంకె.

ముందు లేఅవుట్ ప్లాను తీసుకుని, నేల మీద ఉన్న వీధులతో పోల్చండి. ప్లానులో ఉండి నేల మీద లేనివి, నేల మీద ఉండి ప్లానులో లేనివి రెండూ ఉంటాయి. నడవగలిగే ప్రతి గల్లీకీ ఒక గీత గీయండి. తర్వాత సున్నా ఎక్కడో నిర్ణయించండి. వీధి మెయిన్ రోడ్డులో కలిసేచోట సున్నా పెట్టాలి. ఎందుకంటే వీధి పెరిగితే లోపలి కొస వైపే పెరుగుతుంది. లోపలి కొసన సున్నా పెడితే రేపు అటువైపు పది ఇళ్లు లేచినప్పుడు సున్నాకు ముందు నంబర్లుండవు. పక్కపక్క గల్లీలన్నిటికీ సున్నా ఒకే వైపున ఉండాలి.

సున్నా దగ్గర మెయిన్ రోడ్డుకు వీపు పెట్టి నిలబడండి. మీ ఎడమ చేతి వైపు బేసి, కుడి చేతి వైపు సరి. రోడ్డు నడిమధ్య గీత వెంట కొలవండి, అంచు వెంట కొలిస్తే మలుపుల దగ్గర రెండు పక్కలకూ తేడా వస్తుంది. 50 మీటర్ల టేపు చాలు, చక్రం కొలత బండి దొరికితే మరీ మంచిది. టేపు వదులుగా వేలాడితే దూరం ఎక్కువ చూపిస్తుంది, బిగించి పట్టండి. ప్రతి 10 మీటర్లకు సున్నంతో గుర్తు పెట్టండి. గేటు నడిమధ్యకు ఎదురుగా వచ్చిన కొలత 137.6 అనుకుందాం. గేటు ఎడమ వైపున ఉంటే దగ్గరి బేసి సంఖ్య 137. కుడి వైపున ఉంటే దగ్గరి సరి సంఖ్య 138. అంతే.

మన కాలనీల్లో మామూలు ప్లాటు 200 గజాలు, అంటే 30 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. 30 అడుగులంటే 9 మీటర్ల పైచిలుకు. కాబట్టి ఒక పక్క నంబర్లు 5, 13, 23, 31 ఇలా వస్తాయి. మధ్యలో అంకెలు ఖాళీగా ఉన్నాయేమిటని కాలనీ మీటింగులో మొదటి అభ్యంతరం వస్తుంది. ఆ ఖాళీయే దీని బలం. ప్లాటును చెరి 15 అడుగులుగా పంచుకున్నా కొత్త గేటు దగ్గర కొలిస్తే కొత్త నంబరు సిద్ధంగా ఉంటుంది. ఒకే పక్కన ఉన్న రెండు గేట్ల నడిమధ్యలకు 2 మీటర్ల ఎడం ఉంటే చాలు, నంబర్లు కలవవు. బస్తీల్లో ముఖం 10 అడుగులున్న ఇళ్లకూ ఇది సరిపోతుంది. ఖాళీ ప్లాటుకు ఇప్పుడే నంబరు ఇవ్వాల్సిన పనే లేదు, గేటు పెట్టిన రోజు కొలుచుకోవచ్చు.

చెడేచోట్లు చెబుతాను. మూల ప్లాటు: ఇంటి ముఖం ఎటున్నా సరే, గేటు ఏ వీధిలోకి తెరుచుకుంటుందో ఆ వీధి నంబరే. రెండు గేట్లుంటే అంబులెన్సు వెళ్లగలిగే గేటు. 108 సేవ 2005 ఆగస్టు 15న ఈ ఊళ్లోనే మొదలైంది. ఫోన్ చేసినవాళ్లు గుర్తులు వెతుక్కుంటూ మాట్లాడే ప్రతి నిమిషం మంచం మీదున్న మనిషి నుంచి పోతుంది. ఈ పనికి ఇంత ఓపిక పెట్టమని అడిగేది అందుకే. నాలా, అంటే మురుగు కాలువ, అడ్డం వచ్చి మధ్యలో తెగిన వీధి: రెండు ముక్కలకూ ఒకే పేరు ఉంచకండి. 140 కోసం వచ్చినవాడు 120 దగ్గర నాలా గోడ ముందు ఆగిపోతాడు. దాటే వంతెన లేకపోతే అవి రెండు వీధులు, రెండు పేర్లు. వెనకిల్లు: ఒకే సందు దారిలోంచి ఇద్దరు ముగ్గురు పోతుంటే ఆ దారి మొదటి నంబరుకే ఏ, బీ అని ఒక్క అక్షరం చేర్చండి, రెండో అక్షరానికి పోవద్దు.

ఫ్లాట్లలో మొదటి అంకె అంతస్తు అని అందరికీ తెలుసు. కానీ స్టిల్ట్ పార్కింగ్, అంటే కింద స్తంభాల మధ్య బండ్లు పెట్టుకునే అంతస్తు, వచ్చాక గందరగోళం మొదలైంది. పాత బిల్డింగులో 101 నేల అంతస్తులో ఉంటుంది, కొత్తదాంట్లో పార్కింగ్ పైన ఉంటుంది. లిఫ్టులో నొక్కే అంకె, ఫ్లాటు నంబరులో మొదటి అంకె ఒకటే ఉండేలా చూసుకోండి. పార్కింగ్‌కు సున్నానో ‘జీ’నో పెడితే సరిపోతుంది.

పేర్ల విషయానికి వస్తే, బంజారాహిల్స్‌లో రోడ్ నంబర్ 10 ఉంది, జూబ్లీహిల్స్‌లోనూ రోడ్ నంబర్ 10 ఉంది. రెండు కొండలూ పక్కపక్కనే. రోడ్లకు నంబర్లే పేర్లుగా పెట్టుకుంటే కాలనీ పేరును ఎప్పుడూ వదలకూడదు. కాలనీ పేర్ల పరిస్థితి కూడా అంతే, సాయినగర్లు, శ్రీనివాసనగర్లు, వివేకానందనగర్లు ఎన్నున్నాయో చూడండి. కొత్త పేరు పెట్టేముందు అదే పిన్‌కోడులో ఆ పేరు, దానికి దగ్గరగా పలికే పేరు లేవని చూసుకోండి. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివాడు రాసుకోగలగాలి. పేరు పొడుగైతే జనం దాన్ని ఇంగ్లిషు పొడి అక్షరాలు చేసేస్తారు. సరోజినీదేవి రోడ్డు ఎస్.డి. రోడ్డు, సర్దార్ పటేల్ రోడ్డు ఎస్.పి. రోడ్డు, రాష్ట్రపతి రోడ్డు ఆర్.పి. రోడ్డు అయ్యాయి. ఎవరి గౌరవార్థం పెట్టామో వారి పేరే వినపడదు. ఉన్న పేరు మార్చేటప్పుడు మరీ ఆలోచించండి. సికింద్రాబాద్ జేమ్స్ స్ట్రీట్ మహాత్మాగాంధీ రోడ్డు అయి ఎన్నేళ్లో గడిచింది, ఎంఎంటీఎస్ లోకల్ రైలు స్టేషను మాత్రం ఇప్పటికీ జేమ్స్ స్ట్రీటే. 2021లో నెక్లెస్ రోడ్డుకు పీవీ నరసింహారావు పేరు పెట్టారు, ఆటోవాళ్ల నోట ఇంకా నెక్లెస్ రోడ్డే. పేరు లేని వీధులే ఇన్ని ఉండగా మహనీయుల పేర్లు వాటికి పెట్టడం మేలని నా అభిప్రాయం.

బోర్డు: గల్లీ మొదట్లో వీధి పేరు, దాని కింద “1 నుంచి 240 వరకు” అని నంబర్ల పరిధి, బాణం గుర్తు. ఆగి ఉన్న వ్యాను అడ్డం రాకుండా రెండున్నర మీటర్ల ఎత్తున. తెలుగులో, ఇంగ్లిషులో, అవసరమైనచోట ఉర్దూలో, కానీ ఇంగ్లిషు అక్షరక్రమం కాలనీ అంతటా ఒక్కటే ఉండాలి. ఒక మూల పంజాగుట్ట, ఇంకో మూల పుంజగుట్ట అని ఉంటే ఫోను మ్యాపులో వెతికేవాడికి రెండు ఊళ్లవుతాయి. గేటు మీద అంకె 10 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే 40 అడుగుల రోడ్డు అవతల నుంచి, కదిలే బండి మీద నుంచి చదవొచ్చు. ఇత్తడి పలక మీద ఇత్తడి అంకెలు అందంగానే ఉంటాయి, రాత్రి కనపడవు.

చట్టం మాట. వీధులకు పేర్లు, ఇళ్లకు నంబర్లు నిర్ణయించే అధికారం 1955 మునిసిపల్ కార్పొరేషన్ల చట్టం కింద కార్పొరేషన్‌ది. కాలనీ సంఘం సొంతంగా నంబరు మార్చి కాగితాల్లో వాడకూడదు. మీరు చేయగలిగింది కొలతలు, పటం, జాబితా తయారుచేసి సర్కిల్ ఆఫీసుకు ఇవ్వడం. జాబితాలో ప్రతి ఇంటికీ మీటరు పద్ధతి నంబరు, పాత మునిసిపల్ నంబరు, పీటీఐఎన్, ప్లాటు నంబరు పక్కపక్క గడుల్లో ఉండాలి. ఆమోదం వచ్చేదాకా మీటరు అంకెను ‘గేటు నంబరు’ అని వేరుగా రాసుకోండి, పాత నంబరు పలకను మాత్రం తీయకండి. ఆధార్, పాస్‌పోర్టు, డీడు, బ్యాంకు అన్నీ దాని మీదే ఉన్నాయి. కొరియాలో కూడా పాత, కొత్త చిరునామాలు కొన్నేళ్లు కలిసి నడిచాయి.

(సభ నుంచి ప్రశ్న: పిన్‌కోడ్, కొత్తగా వచ్చిన డిజిపిన్ ఉండగా ఇదంతా అవసరమా?)

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. ఆరంకెల్లో చివరి మూడు పోస్టాఫీసువి. 500033 జూబ్లీహిల్స్, 500034 బంజారాహిల్స్, బాగానే ఉంది. 500035 ఎక్కడ? సరూర్‌నగర్, ఊరికి ఇంకో కొస. కాబట్టి అది తపాలా సంచికి దారి చూపుతుంది, అంతవరకే. డిజిపిన్ మంచి పని. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, మన బాలానగర్‌లోని ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి చేశారు, 2025లో వచ్చింది. దేశాన్ని 16 గళ్లుగా, ఒక్కో గడిని మళ్లీ 16గా, ఇలా పది మెట్లు విడగొడితే సుమారు 4 మీటర్ల చదరం మిగులుతుంది. దానికి పది అక్షరాల కోడ్. ఫోను చేతిలో ఉన్నవాడికి చాలా ఉపయోగం. కానీ ఏ అంతస్తో అది చెప్పదు. పక్క ఇంటి కోడుకూ మీ కోడుకూ తేడా చూసి ఎటు నడవాలో కంటితో పోల్చుకోలేరు. జాబితాలో ఇంకో గడి పెట్టి అదీ రాసుకోండి.

(ప్రశ్న: మీటరు అంకె కూడితే ఎనిమిది వస్తే? మావాళ్లు ఒప్పుకోరు.)

ఈ ప్రశ్న ప్రతి కాలనీలో వస్తుంది, తేలిగ్గా తీసుకోకూడదు కూడా. ఒక్కరికి కోరుకున్న అంకె ఇస్తే అందరికీ ఇవ్వాలి, అప్పుడు వరస చచ్చిపోతుంది. కానీ కొలత గేటుది కాబట్టి దారి ఉంది. ఇల్లు కట్టేటప్పుడు గేటును రెండు మీటర్లు జరిపితే నంబరు రెండు మారుతుంది. కట్టిన ఇల్లయితే ఉన్న అంకే.

(ప్రశ్న: మా వీధి రెండు కొసలూ మెయిన్ రోడ్లలోనే కలుస్తాయి. సున్నా ఎటు?)

రెండింటిలో వెడల్పైన రోడ్డు, బస్సు నడిచే రోడ్డు వైపు. రెండూ సమానమైతే పక్క గల్లీల సున్నా ఎటుందో అటే. అది కూడా తేలకపోతే వీధిలో డెలివరీ కుర్రాళ్లు, గ్యాస్ బండి ఎటు నుంచి ఎక్కువ వస్తున్నారో వారం రోజులు గేటు దగ్గర కూర్చుని లెక్కపెట్టించండి. సున్నంతో గీసే ముందే తేల్చుకోండి, పలకలు రాయించాక మార్చాలంటే వీధిలో ప్రతి గేటు పలకా మళ్లీ రాయించాలి.